ఆడగొంతు పట్టని మైకు

మా మామ మంచి మనిషి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఇక చెప్పబోయేదంతా విని ఆయన్ను తప్పుపట్టేవాళ్లు ఉంటారు. నేను పట్టలేదు. పట్టే ఓపిక నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

కోయిలకుంట్లలో మాది ఎరువులు, విత్తనాల అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు, మధ్యలో ఒక హాలు. ఆ హాల్లో అటు నుంచి యూరియా వాసన, ఇటు నుంచి తిరగమాత వాసన వచ్చి కలిసేవి. ప్రొద్దుటూరు నుంచి నేను కోడలిగా ఆ ఇంటికి వచ్చిన ఎనిమిదో నెలలో మా ఆయన కువైట్ వెళ్లాడు. అక్కడ ఒక పెద్ద సరుకుల దుకాణంలో గుమాస్తా పని, రెండేళ్ల ఒప్పందం. వరుసగా వానలు లేవు, శనగ వేసే రైతు అంగడి మొహం చూడటం లేదు, బస్తాలు కదలటం లేదు. ఇంట్లోంచి ఒకరు బయటికి పోవాలన్నారు. ఒక్కడే కొడుకు గనుక ఆయనే పోయాడు. నన్నెవరూ అడగలేదు. అడగాల్సిన విషయమని నాకూ తోచలేదు.

ఆ రెండేళ్లూ నేను ఆయనతో మాట్లాడింది లేదంటే నమ్మరు. ఫోన్ వచ్చేది, పది పదిహేను రోజులకొకసారి. ఫోన్ హాల్లో మామ కుర్చీ పక్కన ఉండేది. ముందు మామ, తర్వాత అత్త, ఆ తర్వాత “ఇదో, నీకంట” అని నా చేతికి వచ్చేది. అప్పటికి ఆయన ఫోన్ కార్డులో డబ్బులు అయిపోవస్తూ ఉండేవి. ఆ. ఊ. బాగుండాం. తిన్నారా. అంతే. ఉత్తరాలు అంగడి చిరునామాకు వచ్చేవి. మామ కళ్లద్దాలు పెట్టుకుని కవరు చించి, చదువురాని అత్తకు బిగ్గరగా చదివి వినిపించి, మడిచి నాకిచ్చేవాడు. ఇందులో ఆయన దుర్బుద్ధి ఏమీ లేదు. ఆ ఇంట్లో ఉత్తరమంటే ఇంటికి వచ్చిన తిరుపతి ప్రసాదం, వచ్చినవాళ్లందరికీ పంచాల్సిందే. నేను రాసేవి కూడా అదే దారిన పోయేవి కాబట్టి వాటిల్లో అందరమూ క్షేమంగానే ఉండేవాళ్లం.

బజార్లో ఫోన్ బూత్ ఉండేది కదా అని మీరు అడగవచ్చు. ఉండేది. అది మా అత్త చిన్నాయన కొడుకుది. నేను ఒక్కదాన్నే వెళ్లి ఆ బూత్ తలుపు వేసుకుంటే, నేను ఇంటికి తిరిగి వచ్చేలోపే ఆ కబురు ఇంట్లో కూర్చుని ఉండేది.

రెండేళ్లు ముగియడానికి ఇంకా మూడు నెలలుండగా ఆ దుకాణం యజమాని మా ఆయన్ను మరో మూడేళ్లకు సంతకం పెట్టమన్నాడు. మా ఆయన ఫోన్ చేసి మామతో అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది, ఎందుకంటే మామ దాన్ని బజారంతా చెప్పుకున్నాడు.

“నేనేం చెప్పను నాయనా, అది ఆమె ఇష్టం. ఆమె ఉండమంటే ఉంటా, రమ్మంటే వస్తా అంటాండాడు మావాడు” అని అంగడికి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పాడు. “పెండ్లాం మాట అడిగే మగోడు ఈ కాలంలో యాడుండాడప్పా?”

అందరూ మా ఆయన్ను మెచ్చుకున్నారు. నన్ను అదృష్టవంతురాలన్నారు. నాకు మాత్రం ఆయన రావాలని ఉండింది. అంతకంటే దాచుకునేది ఏమీ లేదు. ఇరవై రెండేళ్లు నాకు. ఆ హాలు, ఆ వంటిల్లు, ఆ యూరియా వాసన, ఇద్దరు పెద్దవాళ్లు. ఇంకో మూడేళ్లు అనే మాట నాకు పడలేదు. ఆయన నా మాట అడిగాడు. ఆ మాట ఆయనకు చేర్చడమే నా పని. అది చిన్న పని అనుకున్నాను.

అంగడికని కొన్న కంప్యూటర్ ఒకటి గుడ్డ కప్పుకుని ఉండేది. నెట్‌లో మాట్లాడుకోవచ్చు, గంటసేపు మాట్లాడినా ఫోనంత ఖర్చు కాదు, చెవులకు తగిలించుకునే మైకు ఒకటి కొనమని మా ఆయన చెప్పాడు. “చెవులకు పెట్టుకుంటే పెట్టుకున్నోళ్లకే ఇనపడతాది, పక్కనోళ్లకు ఇనపడదు” అన్నాడంట. ఆ ఒక్క మాట మీద నేను వారం రోజులు బతికాను. గిన్నెలు తోముతూ ఏమేం చెప్పాలో వరుసపెట్టి అనుకునేదాన్ని. ఒక్కోసారి పైకే అనేసి అత్త విన్నదేమోనని వెనక్కి చూసుకునేదాన్ని.

మామ నంద్యాల పోయి ఆ సరంజామా తెచ్చాడు. తలమీదుగా ఒక బద్ద, రెండు చెవులకు రెండు స్పాంజి బిళ్లలు, నోటి ముందుకు వంగిన ఒక పుల్ల, పుల్ల చివర మైకు. వైరు చివర రెండు పిన్నులు, ఆకుపచ్చది వినడానికి, గులాబీది మాట్లాడటానికి. కంప్యూటర్ని అంగడి నుంచి హాల్లోకి మార్చారు, ఫోన్ తీగ హాల్లోనే ఉంది కనుక. మామ మోకాళ్ల మీద కూర్చుని, టార్చిలైటు పళ్ల మధ్య పెట్టుకుని, డబ్బా వెనకాల ఏ రంధ్రంలో ఏ పిన్ను పోవాలో వెతికాడు. నలభై ఏళ్లుగా రైతుల మందుకొట్టే పంపులు విప్పి బిగించిన మనిషి. నాజిల్‌లో ఏదైనా అడ్డుపడితే నోటితో ఊది తీసేవాడు. మైకును కూడా ఒకసారి ఊది చూశాడు.

నెట్‌లో మాట్లాడుకునే ఆ ప్రోగ్రాం మొదటిసారి తెరిస్తే మైకును సరిచూడటానికని ఇంగ్లీషులో ఒక వాక్యం చూపించి గట్టిగా చదవమంటుంది. గొంతు పడితే ఒక గీత ఆకుపచ్చగా పెరుగుతుంది. మామ ఆ ఇంగ్లీషు జోలికి పోకుండా వినాయకుడి శ్లోకం అందుకున్నాడు. గీత లేచి ఎరుపులోకి పోయింది. “పట్టింది, పట్టింది” అన్నాడు. ఆయన మొహంలో అంత సంతోషం నేను చాలా కాలం తర్వాత చూశాను.

అప్పుడు మా అత్త ఒక మాట అడిగింది. “అది ఆ పిల్ల చెవులకు పెట్టుకుంటే, వాని మాట నాకెట్ట ఇనపడాల?”

న్యాయమైన ప్రశ్నే. కొడుకు గొంతు తల్లికి వినపడొద్దా? మామ ఆకుపచ్చ పిన్ను పీకేసి ఆ రంధ్రంలో రెండు స్పీకర్ డబ్బాల తీగ పెట్టాడు. ఇక నా చెవుల మీది బిళ్లలు ఉత్త బిళ్లలే. చెమట పట్టడానికి తప్ప పనికిరావు. మా ఆయన మాట హాలంతా వినపడుతుంది, నా మాట ఆ పుల్లలోంచి పోవాలి, అది కూడా అందరి ముందూ.

మా ఆయనకు శుక్రవారం సెలవు. మాకు సాయంత్రం అయిదున్నర వేళకు ఆయన అక్కడ ఒక నెట్ సెంటర్లో కూర్చునేవాడు. ఇక్కడ అదే దీపాలు పెట్టే వేళ. అత్త లక్ష్మీదేవికి దీపం పెట్టి, హారతి పళ్లెం చేత్తో పట్టుకునే వచ్చి కూర్చునేది. మొదటి శుక్రవారం మామ మాట్లాడాడు, అత్త మాట్లాడింది. అంతా బాగా పోయింది, బాగా వచ్చింది. తర్వాత మామ లేచి నాకు కుర్చీ ఇచ్చాడు. మర్యాద తెలిసిన మనిషి, కోడలు మొగుడితో మాట్లాడుతుంటే చూడకూడదని గోడ మీది క్యాలెండర్ వైపు తిరిగి నిలబడ్డాడు. అత్త నా భుజం పక్కనే పీట వేసుకుంది. మామ ఫ్యాన్ కూడా ఆపించాడు, నా మాటకు అడ్డం రాకూడదని.

నేను నోరు తెరిచాను. మాట రాలేదు.

మా వైపు ఇళ్లలో కోడలు మామ ముందు గొంతెత్తదు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, చూసి నేర్చుకుంటాం. రెండేళ్లలో నేను మామతో నేరుగా అన్నవి పది మాటలుండవు. అన్నానికి లేవమని చెప్పాలన్నా “అత్తా, అన్నం పెట్టినా” అనేదాన్ని, ఆయనకు వినపడేలాగా. అలాంటిది ఆయన వీపు నాకు మూడడుగుల దూరంలో ఉండగా, మొగుడితో, రా అనీ, ఉండలేననీ చెప్పాలి. కాని అందరూ ఎదురుచూస్తున్నారు. ఊరికే కూర్చుంటే బాగుండదని పెదాలు కదిపాను. గొంతు లేకుండా, ఉత్త పెదాలు.

“హలో, హలో” అంటున్నాడు మా ఆయన స్పీకర్లలో. “ఇనపడలేదు. ఏమంటాండాది?”

మామ క్యాలెండర్ వైపు నుంచి తల తిప్పకుండానే అన్నాడు. “మైకు పట్టుకోలేదామ్మా?”

నేను అవునని తల ఊపాను. ఆడలేక మద్దెల ఓడన్నట్లు. ఆ తల ఊపడం తప్పని నాకు ఆ క్షణమే తెలుసు. ఇంకో శుక్రవారం వస్తుంది కదా, అప్పటికి ధైర్యం వస్తుంది కదా అనుకున్నాను.

ఆ రాత్రి అన్నం తింటూ మామ తన సిద్ధాంతం తేల్చేశాడు. “ఆడోళ్ల గొంతు సన్నంగా ఉంటాది. ఇది మగ గొంతుకు చేసిన మైకు. అందుకే పట్టుకోలేదు.”

“మల్ల నా మాట ఎట్ట పోయింది?” అంది అత్త.

“నీ గొంతుకు మైకేంటికి? మిద్దెక్కి పిలిస్తే వాడు కువైట్‌లో పలుకుతాడు.”

అత్త విసుక్కుంది, నేను తల వంచుకుని నవ్వుకున్నాను. ఆ ఇంట్లో కోడలు గట్టిగా మాట్లాడాలని ఎవరికీ తోచలేదు. మైకే మెల్లని మాటను అందుకోవాలని తోచింది. అది వాళ్ల దృష్టిలో నాకిచ్చిన గౌరవమే.

అప్పటి నుంచి మొదలైంది. శుక్రవారం నుంచి శుక్రవారం దాకా మామకు అదే పని. నంద్యాలలో కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణి అడిగి వచ్చి, తెర మీద గొంతు పెంచే గడి ఒకటి వెతికి దానికి టిక్కు పెట్టాడు. ఈసారి స్పీకర్లు కీచుమని అరిచాయి, వీధి కుక్కలు మొరిగాయి, నా మాట మాత్రం పోలేదు. మెడ వంగే ఇంకో మైకు తెచ్చాడు, బల్ల మీద పెట్టేది. దానికీ నేను పెదాలే కదిపాను. స్పాంజి అడ్డం వస్తోందేమోనని దాన్ని తీసేశాడు. సౌండ్ కార్డు పాతదన్నారని అది మార్పించాడు. కరెంటు పోయి రెండు శుక్రవారాలు ఊరికే పోయాయి. ఆ రెండు వారాలూ నాకు ఎంత హాయిగా ఉండిందో చెప్పలేను.

ఆయన మోకాలు అప్పటికే నొప్పి. ప్రతిసారీ ఆ డబ్బా వెనక్కి వంగి, బల్ల పట్టుకుని లేచి, “ఇప్పుడు చూడమ్మా” అనేవాడు. నేను చూసేదాన్ని. రోజురోజుకీ చెప్పడం కష్టమైపోయింది. మొదటి శుక్రవారం “నాకు సిగ్గేసింది” అంటే నవ్వి ఊరుకునేవాళ్లు. అయిదో శుక్రవారం, రెండు మైకులూ ఒక కార్డూ మారాక, ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

ఒకరోజు శనగపప్పులో రాళ్లు ఏరుతూ అత్తతో అనేశాను. “హాల్లో మామ లేకుండా ఉంటే, నేను కొంచెం మాట్లాడతానేమో అత్తా.”

అత్త పప్పులోంచి తలెత్తలేదు. “ఆయన లేకుంటే ఆ డబ్బాను ఎవరు నడిపిస్తారే? నాకొస్తాదా, నీకొస్తాదా?”

నిజమే. దాన్ని తిప్పడం ఆయనకొక్కడికే వచ్చు. అక్షరాలు కొట్టి పంపితే పోలేదా అని కూడా అనుకున్నాను. కాని తెర మీద పడిన ప్రతి అక్షరాన్నీ మామ కళ్లద్దాలు పెట్టుకుని బిగ్గరగా చదివేవాడు, అత్త కోసం. ఉత్తరాల సంగతే మళ్లీ. నేను ఆ వారం బాగా అలిసిపోయాను. పని వల్ల కాదు. అబద్ధం మోయడం మూట మోయడం లాంటిదే, దించేదాకా బరువు తెలుస్తూనే ఉంటుంది.

చివరికి మామ మైక్‌సెట్ సాయిబును పిలిపించాడు. పెళ్లిళ్లకు, పీర్ల పండగకు, ఎలక్షన్లకు మైకులు అద్దెకిచ్చే మనిషి. ఆయన స్టాండుతో సహా ఒక పెద్ద వెండిరంగు మైకు తెచ్చాడు, దాని మెడకు ఏ పెళ్లిలోదో బంతిపూల దారం ఇంకా చుట్టి ఉంది. తీగ చివర ఏదో అతికించి గులాబీ రంధ్రంలో పెట్టాడు.

“ఫికర్ వద్దు సేట్” అన్నాడు. “దీని ముందర చీమ దగ్గినా కువైట్‌లో ఇనపడతాది. డబ్బాల శబ్దం మాత్రం తగ్గించి పెట్టుకో, లేకుంటే కూస్తాది.”

నా ముందు ఆ మైకు నిలబెట్టారు. ఉపన్యాసం ఇచ్చే మంత్రికి పెట్టినట్లు. అది ఆఖరి శుక్రవారం. సోమవారం ఆయన సంతకం పెట్టాలి, లేదా పెట్టనని చెప్పాలి. మామ ఆ మాట రెండుసార్లు చెప్పి, క్యాలెండర్ వైపు తిరిగాడు. అత్త దీపం వత్తి సరిచేస్తూ నా పక్కన కూర్చుంది.

“ఈ పొద్దన్నా చెప్పు” అన్నాడు మా ఆయన. గొంతు దూరంగా, తునకలు తునకలుగా వస్తోంది. “ఉండమంటే ఉంటా. రమ్మంటే వస్తా. నువ్వేమంటే అదే.”

పెదాలు కదపడం ఆ రోజు నాకు చేతకాలేదు. ఎనిమిది వారాలు కదిపి కదిపి విసుగొచ్చేసింది. సిగ్గు పోయి కాదు, ఓపిక పోయి నోరు తెరిచాను.

“వచ్చేయండి” అన్నాను. “నాకు ఈడ చేత కావడం లేదు.”

మెల్లగానే అన్నాను. కాని గొంతుతో అన్నాను. నా పళ్లకు తగిలింది ఆ శబ్దం. అన్నాక మామ వీపు వైపు చూశాను. కదల్లేదు. అత్త వేళ్లు వత్తి దగ్గరే ఉన్నాయి. ఎవరూ తల తిప్పలేదు. అంత సన్నగా అన్నానేమో, ఈ హాల్లోనే వినపడలేదు అనుకున్నాను. మైకుకు వినపడితే చాలు అనుకున్నాను.

స్పీకర్లలో కొంచెంసేపు ఏమీ రాలేదు. తర్వాత మా ఆయన గొంతు వచ్చింది.

“హలో. హలో. ఇనపడలేదు నాయనా. ఈ మైకు గూడా పట్టుకోలేదు.”

మళ్లీ చెప్పి ఉండాల్సింది అంటారు. నిజమే, నేనూ వెయ్యిసార్లు అనుకున్నాను. కాని నా దగ్గర ఉండింది ఆ ఒక్కసారే. కూడబెట్టుకుని కూడబెట్టుకుని ఖర్చు చేసేశాను. మళ్లీ నోరు తెరిస్తే ఏడుపు వస్తుందే గాని మాట రాదు.

విచిత్రం, మామ ఈసారి మోకాళ్ల మీద కూర్చోలేదు. తీగలు చూడలేదు. అట్లాగే నిలబడి ఉన్నాడు కాసేపు. తర్వాత మైకు దగ్గరికి వంగి అన్నాడు. “సరే లే. మౌనం అర్ధాంగీకారమంటారు పెద్దలు. ఆ పాపకు సమ్మతమే అనుకో.”

“అట్లే నాయనా” అన్నాడు మా ఆయన.

మరుసటి రోజు మామే స్వయంగా ఆ మైకును భుజాన పెట్టుకుని సాయిబు అంగడికి తీసుకుపోయి ఇచ్చి వచ్చాడు. కంప్యూటర్ మళ్లీ అంగడిలోకి పోయి గుడ్డ కప్పుకుంది. “ఈ ఇంటికి మైకులు చాలు” అన్నాడు. ఆ తర్వాత దాని ఊసెత్తలేదు. నేను ఎదురుపడితే పక్కకు జరిగి దారి ఇచ్చేవాడు. ఎప్పుడూ అంతే కదా అనుకున్నాను.

మూడేళ్లు. వాటి గురించి పెద్దగా చెప్పుకునేది ఏమీ లేదు. నన్ను నేనే తిట్టుకున్నాను. మైకులు బాగున్నంతకాలం పాడయ్యాయని అబద్ధమాడాను, తీరా నిజం చెప్పిన రోజు అది నిజంగానే పాడైంది, చేసుకున్నవాళ్లకు చేసుకున్నంత అనుకున్నాను. కాస్త గట్టిగా అని ఉంటే అనే మాట నన్ను విడిచిపెట్టలేదు. అన్నం వార్చేటప్పుడు, బట్టలు ఆరేసేటప్పుడు, ఒంటరిగా ఉన్నప్పుడు ఆ మాటే మళ్లీ మళ్లీ అని చూసుకునేదాన్ని, ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా. ఇంకొంచెం గొంతు ఉండి ఉంటే సరిపోయేది అనిపించేది.

రెండో ఏడు మామకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అంగడిలో నేను కూర్చోవాల్సి వచ్చింది. హమాలీలతో, రైతులతో, లారీవాళ్లతో సన్నగా మాట్లాడితే జరగదు. గొంతు పెరిగింది. మొదట కూరగాయలామె మీద, తర్వాత హమాలీల మీద, ఆఖరికి ఇంట్లో కూడా. “ఆ ఇంటి కోడలి నోరు నల్లమల దాకా ఇనపడతాది” అని బజార్లో అనేవాళ్లు. తప్పుగా అనలేదు. మా ఆయన తిరిగి వచ్చిన రోజు నేను వాకిట్లో బస్తాల లారీవాణ్ణి కేకలేస్తున్నాను. సామాను దించుకుంటూ నన్నే చూస్తూ నిలబడిపోయాడు. ఆ సాయంత్రం “నీ గొంతేంది ఇట్టయింది?” అన్నాడు.

“ఆ పొద్దు నేనన్నమాట మీకు అందలేదు గదా” అన్నాను. “అందేటట్లు పెంచుకున్యా.”

ఆయన నవ్వలేదు. ఆ పొద్దు ఏమన్నావని అడగలేదు. తర్వాత కూడా ఎప్పుడూ అడగలేదు. నేను తలుచుకునేటప్పుడు ఈ విషయం దగ్గర ఒక్కసారి ఆగి ఉంటే నాకు అప్పుడే అర్థమయ్యేది. ఆగలేదు. ఇల్లు, ఆయన వచ్చాక పుట్టిన పిల్లవాడు, మామ మందులు, ఆగడానికి తీరిక ఎక్కడిది?

మామ పోయాక అంగడి ఎత్తేశాం. కర్నూలులో ఒక విత్తనాల గోదాములో మా ఆయనకు పని దొరికితే అక్కడికి మారాం. అత్త మాతోనే ఉంది. ఆడబిడ్డ బెంగళూరులో ఉంటుంది. ఆమె మొహం చూస్తూ మాట్లాడాలని అత్త పోరుపెడితే మా ఆయన ఎవరి దగ్గరో పాత ల్యాప్‌టాప్ ఒకటి కొన్నాడు. ఒక ఆదివారం పొద్దున టిఫిన్లయ్యాక దాన్ని ముందరేసుకుని కూర్చున్నాడు. ఇప్పుడు పిన్నులు లేవు, పుల్లలు లేవు, మైకు లోపలే ఎక్కడో ఉంటుందంట. అత్త మంచం మీద కాళ్లు చాపుకుని ఉంది. నేను పక్కన నిలబడి ఉన్నాను.

“మైకు పడుతుందో లేదో చూడల్ల. ఏదో ఒకటి అను” అన్నాడు.

“ఏమనాల?”

“ఏదైనా అను. ఇట్ట గాదు, నీ గొంతు ఇప్పుడు రాయికి గూడా ఇనపడతాది” అని నవ్వాడు, కళ్లు తెర మీదే ఉన్నాయి. “మెల్లగా అనల్ల. అప్పుడన్నావు జూడు, వచ్చేయండి, నాకు ఈడ చేత కావడం లేదని. అట్ట. అంత మెల్లగా అన్నా పట్టుకుంటే మంచి మైకు.”

అన్నాక ఆయన చెయ్యి ఆగిపోయింది.

ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. ఆయనకు చెప్పలేదు, అత్తకు చెప్పలేదు, ప్రొద్దుటూరులో మా అమ్మకు కూడా చెప్పలేదు. సిగ్గుపడి దాచుకున్న మాట. ఏ పదం తర్వాత ఏ పదమో అలాగే, ఒక్కటి కూడా తప్పకుండా ఆయన నోట వచ్చింది.

“ఇనపడిందా?” అన్నాను. చాలా ఏళ్ల తర్వాత నా గొంతు మెల్లగా వచ్చింది.

బయట ఎవరో పాత పేపర్లు కొంటామని అరుచుకుంటూ పోయారు.

“ఇనపడిందంటే రావాల్సి వస్తుండె గదా” అన్నాడు చివరికి. “ఆడ నాకొక చిన్న గది ఉండె. తలుపేసుకుంటే ఎవరూ పిలిచేవాళ్లు కాదు. ఆ ఇంట్లో పుట్టినప్పటి నుంచి నాకట్ట యాడుండె?”

“నేను ఆ ఇంట్లోనే ఉంటి గదా” అన్నాను.

నాకు కోపం రాలేదని చెబితే అబద్ధం. వచ్చింది. కాని అది ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఇన్నేళ్లు అది నా గొంతు మీదే పెట్టి ఉంచాను.

మంచం మీద నుంచి అత్త గోడ వైపు తిరిగి అంది. “పాతవన్నీ ఏంటికి తవ్వుతారు లేమ్మా. ఆ పొద్దు నాకూ ఇనపడింది. మీ మామకూ ఇనపడింది. వాడే ఇనపడలేదన్నాక మేమేం చెప్పాల?”

ఇద్దరూ నా వైపు చూడలేదు. నేను ల్యాప్‌టాప్ వైపు చూశాను.

“మైకు బాగానే ఉండాది” అన్నాను ఆయనతో. “మీ చెల్లెలికి కలపండి, అత్త మాట్లాడతాది.”